ముందు ఆర్డర్, తర్వాత అచ్చు

పుస్తకం వేద్దామనుకునేవాళ్ళు నాకు ఫోన్ చేస్తే మొదటి పది నిమిషాలు కవర్ బొమ్మ గురించీ ముందుమాట ఎవరితో రాయించాలన్నదాని గురించీ మాట్లాడతారు, ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి అసలు సంగతి అడుగుతారు, "ఇంతకీ ఎన్ని కాపీలు వేయించమంటారు?" అని. నేనేమీ పబ్లిషర్‌ని కాదండీ. పగలు ఉద్యోగం, రాత్రిళ్ళు తెలిసినవాళ్ళ పుస్తకాలకి పేజీలు పెట్టి పీడీఎఫ్ చేసిస్తుంటాను, అంతే. కానీ అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. ముందు ఒకటి వేయించండి. అవును, ఒక్కటే. అది చదివి తప్పులు దిద్దుకోండి. ఆ తర్వాతవి ఎవరు అడిగితే వాళ్ళకి, అడిగినప్పుడు.

సగం మంది నేను జోక్ చేస్తున్నాననుకుంటారు, మిగతా సగం మంది "అదేదో ప్రింట్ ఆన్ డిమాండ్ అంట కదా, క్వాలిటీ బాగోదట కదా" అంటారు.

క్వాలిటీ సంగతి తర్వాత చూద్దాం. విషయం ఏంటంటే పాఠకుడు డబ్బు కట్టాకే ఆ కాపీ అచ్చవుతుంది. ఆర్డర్ వస్తుంది, మెషీన్ ఒక్క పుస్తకం తీస్తుంది, కవర్ అంటిస్తారు, అంచులు కోస్తారు, పార్సెల్ చేసి పంపిస్తారు. గోడౌన్ లేదు, కట్టలు లేవు, చెద లేదు. అమెరికాలో ఇంగ్రమ్ అనే పెద్ద పుస్తకాల డిస్ట్రిబ్యూటర్ 1997లో టెనెసీలో లైట్నింగ్ ప్రింట్ అని పెట్టి దీన్ని పెద్ద వ్యాపారం చేసింది. మన దేశంలో బెంగళూరు పోతి డాట్ కామ్, చెన్నై నోషన్ ప్రెస్ లాంటివాళ్ళు ఏళ్ళుగా ఇదే పని మీద ఉన్నారు, ఇప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో డిజిటల్ ప్రెస్ వాళ్ళు కూడా అయిదు కాపీలైనా పది కాపీలైనా కాదనకుండా వేసిపెడుతున్నారు.

మన తెలుగు పుస్తకం ఏదైనా తీసి లోపలి పేజీ చూడండి, ప్రచురణ వివరాలుండే చోట "ప్రతులు : 1000" అని ఉంటుంది. పాత పుస్తకాల్లో 2000, 3000 కూడా కనిపిస్తుంది, ఈమధ్య 500కీ 300కీ దిగింది. ఆ వెయ్యి ఎవరు లెక్కేశారు, వెయ్యిమంది కొంటారని ఎవరు చెప్పారు అంటే ఎవరూ చెప్పలేదు. ప్రెస్ వాళ్ళు "మినిమం వెయ్యి సార్, అంతకన్నా తక్కువకి గిట్టదు" అన్నారు, రచయిత సరేనన్నాడు.

మా పెదనాన్న కథ చెప్తా. రిటైర్డ్ తెలుగు పండిట్, ఛందస్సు అంటే ప్రాణం. రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లోంచి కొంత తీసి పద్యాల పుస్తకం వేయించాడు. వెయ్యి కాపీలు. ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది, వేదిక మీదున్నవాళ్ళకి తలొకటి, ముందు రెండు వరసలవాళ్ళకి తలొకటి, పత్రికలకి సమీక్ష కోసం రెండేసి, ఊళ్ళో లైబ్రరీకి ఒకటి, పాత స్టూడెంట్స్‌కి పోస్టులో. షాపుల్లో పెట్టినవి కొన్ని అమ్ముడయ్యాయి, కొన్ని నలిగి తిరిగొచ్చాయి. మిగతావి అటకెక్కాయి. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి ఆడపడుచుకీ బొట్టు పెట్టి జాకెట్ గుడ్డతో పాటు పుస్తకం కూడా ఇవ్వడం మొదలైంది. మా పెద్దమ్మ అయితే "మీ పెదనాన్న చీర పెట్టడం మర్చిపోయినా పుస్తకం పెట్టడం మర్చిపోడురా" అని అందరి ముందూ అనేసేది, ఆయన కూడా నవ్వేవాడు.

రెండో పుస్తకం రెడీ అయినప్పుడు నన్ను పిలిచాడు. ఫోన్‌లోనే లెక్క చెప్పాడు. "ఒరేయ్, వెయ్యి వేస్తే కాపీ అరవైకి పడుతుందిట. మూడొందలే వేస్తే వంద దాటుతుందిట. ఇంక నువ్వు చెప్పేదేదో ఒక్కొక్కటి వేస్తే నూటముప్పై అంటున్నావు. అరవైకి దొరికేదాన్ని నూటముప్పై పెట్టి కొనమంటావేంట్రా, నీ చదువు ఇదేనా?"

ఈ మాట పెదనాన్న ఒక్కడిదే కాదు, అందరూ ఇదే అంటారు, అందుకే దీని దగ్గర కాస్త ఆగాలి.

ముందు వెయ్యికి రేటు ఎందుకు తగ్గుతుందో చూద్దాం. ఆఫ్‌సెట్‌లో, అంటే రేకు ప్లేట్ల మీంచి అచ్చేసే మామూలు ప్రెస్ పద్ధతిలో, పుస్తకాన్ని ఫారాలుగా విడగొడతారు, మామూలుగా 16 పేజీలు ఒక ఫారం. 160 పేజీల పుస్తకం అంటే పది ఫారాలు. ఒక్కో ఫారానికీ ప్లేట్లు చేయించాలి, మెషీన్‌కి ఎక్కించాలి, ఇంకు సర్దాలి, అచ్చు సరిగ్గా కూర్చునేదాకా కొన్ని షీట్లు చెత్తబుట్టలోకి పోతాయి, ఆ ఫారం అయ్యాక మెషీన్ తుడిచి ఇంకో ఫారం. ఈ హడావిడంతా పది కాపీలు వేసినా ఒకటే పదివేలు వేసినా ఒకటే. కాబట్టి ఎంత ఎక్కువ వేస్తే ఆ ఖర్చు అంత పలచబడుతుంది. డిజిటల్ మెషీన్‌కి ప్లేట్లు లేవు, పీడీఎఫ్ పంపితే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా తీసేస్తుంది, కానీ పేజీకి అయ్యే ఖర్చు ఎక్కువ, అదీ ఎన్ని వేసినా పెద్దగా తగ్గదు. టిఫిన్ సెంటర్‌లో చూడండి, ఒక్క ఇడ్లీ కోసం ఎవరూ ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టరు, వాయికి సరిపడా పెడతారు, అమ్ముడైతే అయింది లేకపోతే సాయంత్రానికి ఉప్మా చేస్తారు. దోసె మాత్రం మీరు అడిగాకే పెనం మీద పడుతుంది, అదీ ఎర్రగా కావాలా మెత్తగా కావాలా అని అడిగి మరీ.

అంటే ఆర్డర్ వచ్చాక తయారు చెయ్యాలంటే ముందు ఆ సెటప్ ఖర్చు పడిపోవాలి. వ్యాపారి మనసు ఎంత మంచిదైనా మెషీన్ ఒప్పుకోకపోతే పని జరగదు. దీనికి టయోటా వాళ్ళ ఉదాహరణ నాకు భలే ఇష్టం. కారు రేకుల్ని నొక్కే 1000 టన్నుల ప్రెస్‌లో ఒక అచ్చు తీసి ఇంకో అచ్చు బిగించడానికి 1969 ప్రాంతంలో నాలుగు గంటలు పట్టేది. నాలుగు గంటలు పట్టే పనైతే ఒకసారి బిగించాక వేలకొద్దీ అవే డోర్లు నొక్కుకుంటూ పోవాలి కదా, లేకపోతే గిట్టదు. షిగియో షింగో అనే ఇంజనీరు వాళ్ళతో కూర్చుని ఆ నాలుగు గంటల్ని ముందు గంటన్నరకి తెచ్చాడు, ఆ తర్వాత ఏకంగా మూడు నిమిషాలకి. అచ్చు మార్చడం మూడు నిమిషాల పనైపోతే ఇంక అవసరమైనన్నే నొక్కొచ్చు, రేపటికి కావాల్సింది రేపు నొక్కొచ్చు. డిజిటల్ ప్రెస్ పుస్తకానికి చేసింది అచ్చంగా ఇదే.

సరే, పెదనాన్న లెక్కకి వద్దాం. ఆయన చెప్పిన రేట్లే పెట్టుకుందాం, మీ ఊళ్ళో రేట్లు వేరుగా ఉంటే అవి వేసుకుని చూసుకోండి. వెయ్యి కాపీలు, ఒక్కోటి 60, మొత్తం 60 వేలు. ఇది పుస్తకం అమ్మకముందే జేబులోంచి పోయే డబ్బు. ఇప్పుడు మూడొందలు అమ్ముడయ్యాయి అనుకోండి, అమ్మిన ఒక్కో కాపీకి పడిన ఖర్చు 60 కాదు, 200. రెండొందలే అమ్ముడైతే 300. అమ్ముడవనివి కూడా మీరు డబ్బిచ్చి వేయించినవే కదా, ఆ ఖర్చు అమ్మినవాటి మీదే పడాలి, ఇంకెక్కడికి పోతుంది. అదే ఒక్కొక్కటి 130 పెట్టి వేయిస్తే మూడొందలకి అయ్యేది 39 వేలు, అదీ ఒకేసారి కాదు, పాఠకుడి డబ్బు చేతికొచ్చాక. 60 వేలని 130తో భాగిస్తే 461 చిల్లర వస్తుంది. అంటే 460 లోపు అమ్ముడయ్యే పుస్తకానికి "ఖరీదైన" పద్ధతే చవక. అంతకన్నా ఎక్కువ అమ్ముతానని మీకు ధైర్యం ఉంటే ఆఫ్‌సెట్‌కి వెళ్ళండి, నేను అడ్డురాను.

ఇది చెప్పగానే పెదనాన్న ఫోన్‌లో కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి షాపులవాళ్ళకి ఎలా ఇస్తాంరా?" అన్నాడు. పాయింటే పట్టాడు. ప్రింట్ ఆన్ డిమాండ్‌కి అసలు దెబ్బ తగిలేది అక్కడే.

పుస్తకాల షాపువాళ్ళకి కమీషన్ 35, 40 శాతం ఉంటుంది. ఎక్కువ అనిపిస్తుంది గానీ షాపు అద్దె, కుర్రాళ్ళ జీతాలు, నెలల తరబడి అరలో చోటు, అన్నీ దాంట్లోంచే రావాలి కాబట్టి వాళ్ళని అనడానికి లేదు. కవర్ మీద 200 వేసి 40 శాతం ఇస్తే మీకు చేరేది 120. అచ్చుకే 130 అయింది. అంటే కాపీకి పది రూపాయలు ఎదురిచ్చి అమ్ముకోవాలి! రేటు 250 చేస్తే 150 వస్తాయి, ఇరవై మిగులుతాయి, కానీ 160 పేజీల పద్యాల పుస్తకానికి 250 అంటే పాఠకుడు వెనక అట్ట చూసి మళ్ళీ అరలో పెట్టేస్తాడు. కాబట్టి ఒక్కొక్కటిగా అచ్చయ్యే పుస్తకం షాపుకి సరిపోదు, రచయితకీ పాఠకుడికీ మధ్య ఇంకెవరూ లేనప్పుడే సరిపోతుంది. మీరే వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో చెప్పుకుని అమ్ముకోగలిగితే 200లో 130 పోను 70 మిగులుతుంది, పోస్టేజీ ఎవరు పెట్టుకోవాలో ముందే తేల్చుకుంటే.

ఇక్కడ డెల్ కంప్యూటర్ల సంగతి గుర్తొస్తుంది. మైకేల్ డెల్ 1984లో టెక్సాస్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో 1000 డాలర్లతో మొదలుపెట్టింది ఇదే పద్ధతి, షాపు లేదు, డీలర్ లేదు, నువ్వు ఫోన్ చేసి ఎంత మెమరీ కావాలో ఏ డిస్క్ కావాలో చెప్తే అప్పుడు బిగించి పంపిస్తా అని. కస్టమర్ డబ్బు ముందే వచ్చేసేది, విడిభాగాలవాళ్ళకి ఇవ్వాల్సింది వారాల తర్వాత ఇచ్చేవాళ్ళు, అంటే ఎదుటివాళ్ళ డబ్బుతోనే వ్యాపారం. పైగా కంప్యూటర్ చిప్పుల రేటు వారం వారం పడిపోయేది, కాబట్టి సరుకు నిల్వ పెట్టుకున్నవాడు నష్టపోయేవాడు, నిల్వ లేనివాడు లాభపడేవాడు. అంత గొప్పగా నడిచిన కంపెనీ 2007లో వెళ్ళి వాల్‌మార్ట్ షాపుల్లో కంప్యూటర్లు పెట్టింది. ఆఫీసులవాళ్ళు కాగితం మీద స్పెసిఫికేషన్ చూసి ఆర్డర్ ఇస్తారు, ఇంట్లోకి లాప్‌టాప్ కొనుక్కునేవాడు మాత్రం చేత్తో పట్టుకుని, మూత తెరిచి, కీబోర్డు నొక్కి చూసుకుంటే గానీ కొనడు కదా.

పుస్తకం కొనేవాడు అంతకన్నా మొండివాడు. నేను కూడా అంతే, అట్ట చూసి, వెనక్కి తిప్పి, మధ్యలో ఏదో పేజీ తెరిచి నాలుగు లైన్లు చదివి, వాసన కూడా చూసి (నవ్వకండి, మీరూ చూస్తారు) అప్పుడు కొంటా. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి, జనవరి మొదట్లో విజయవాడ పుస్తకాల పండక్కి వచ్చే జనంలో ఫలానా పుస్తకం కొనాలని లిస్టు రాసుకుని వచ్చేవాళ్ళు ఎంతమంది? ఎక్కువమంది తిరుగుతూ తిరుగుతూ ఏదో చూసి ఆగుతారు. అక్కడ మీ పుస్తకం కంటికి కనబడకపోతే అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు, తెలియకపోతే ఆర్డర్ ఇచ్చేదెవరు, ఆర్డర్ లేకపోతే అచ్చయ్యేదెలా. ముందు ఆర్డర్ రావాలి అనే పద్ధతికి తెలుగులో ఉన్న పెద్ద చిక్కు ఇదే అని నా అభిప్రాయం, ప్రింటింగ్ క్వాలిటీ కాదు, రేటూ కాదు. పేరున్న రచయితకి ఈ చిక్కు లేదు, ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెడితే చాలు. కొత్తవాళ్ళకే.

ముందు డబ్బు తీసుకుని తర్వాత పుస్తకం ఇవ్వడం మనకేమీ కొత్త కాదు, ఇది కూడా చెప్పాలి. 1906లో హైదరాబాద్‌లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కలిసి పెట్టిన విజ్ఞానచంద్రికా మండలికి చందాదారులు ఉండేవాళ్ళు. చరిత్ర, సైన్సు, జీవితచరిత్రలు, అప్పట్లో తెలుగులో ఇవి ఎవరు కొంటారు అనుకునే రకం పుస్తకాలు. వచ్చే పుస్తకం ఎలా ఉంటుందో చూడకుండానే జనం చందా కట్టడానికి కారణం వేసేవాళ్ళ మీద నమ్మకం. ఇప్పుడు ప్రీ ఆర్డర్ అని మనం అంటున్నదానికి ఆ నమ్మకమే పెట్టుబడి. దాన్ని పోగొట్టుకున్నవాళ్ళని కూడా చూశాను. నాకు తెలిసిన ఒకాయన, పేరెందుకులెండి, ఉగాదికి పుస్తకం అని ప్రీ ఆర్డర్లు తీసుకుని దసరాకి పంపించాడు. పుస్తకం బాగుంది గానీ రెండో పుస్తకానికి ఆయన లింక్ పెడితే ఎవరూ ముట్టుకోలేదు.

ఇంతకీ పెదనాన్న పుస్తకం ఏం చేశామంటే, ఒక ప్రూఫ్ కాపీ తెప్పించాం, ఆయన ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు, అరసున్నల దగ్గర నుంచి పొల్లుల దాకా దేన్నీ వదల్లేదు. దిద్దాక డిజిటల్‌లోనే వంద కాపీలు వేయించాం. వంద ఒకేసారి అంటే ఒక్కోటి వేసేదానికన్నా రేటు కాస్త తగ్గుతుంది, చేతిలో చూపించడానికి కాపీలుంటాయి, సభ చేసుకోవచ్చు, ఒక స్టాల్‌లో పెట్టొచ్చు. ఆ తర్వాత నుంచి ఎవరైనా అడిగితే లింక్ పంపడమే, వాళ్ళు అక్కడ కట్టుకుంటే వాళ్ళింటికే వెళ్ళిపోతుంది. నేను అందరికీ చెప్పేది కూడా చివరికి ఇదే, చూపించడానికి కొన్ని చేతిలో ఉండాలి, అమ్మడానికి మాత్రం స్టాక్ అక్కర్లేదు. గ్రంథాలయాలవాళ్ళో ఎవరైనా దాతో మూడొందలు ఒకేసారి కావాలంటే అప్పుడు ఆఫ్‌సెట్‌కి వెళ్ళండి, అది కూడా ఆర్డర్ వచ్చాక వేసినట్టేగా.

అచ్చుతప్పుల విషయంలో ఈ పద్ధతిని కొట్టేది లేదు. పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక అని రెండు మూడు పేజీలుండేవి, 37వ పేజీ 12వ పంక్తిలో ఇలా ఉన్నదాన్ని ఇలా చదువుకోగలరు అని. వెయ్యి కాపీలు అయిపోయాక తప్పు కనబడితే ఇంక చేసేదేముంది. ఇప్పుడు తప్పు దొరికితే పీడీఎఫ్ మార్చి మళ్ళీ ఎక్కించడమే, రేపు ఆర్డర్ ఇచ్చినవాడికి సరైనది వెళ్తుంది. పెదనాన్న దీన్ని ఎంతలా వాడేసుకున్నాడంటే వారానికోసారి ఫోన్ చేసి "ఆ మూడో పద్యంలో యతి ఇంకా బాగా పడేట్టు మార్చాను, ఎక్కించెయ్" అంటాడు. ఒకే పుస్తకం ఎన్ని రకాలుగా జనం దగ్గర ఉందో ఇప్పుడు ఎవరికీ తెలియదు, రేపు ఎవరైనా ఆయన మీద పీహెచ్‌డీ చేస్తే ఏడుస్తారు.

ఇంకొన్ని పని విషయాలు, పేజీలు పెట్టేవాడిగా. ఆఫ్‌సెట్‌లో ఫారానికి 16 పేజీలు కాబట్టి 163 పేజీలొస్తే కిందామీదా పడి 160కి కుదిస్తాం, లేకపోతే ఖాళీ పేజీలు మిగులుతాయి. డిజిటల్‌లో ఆ బాధ లేదు గానీ ప్రతి పేజీకీ డబ్బే, అక్షరం 14 పాయింట్లు పెట్టి లైన్ల మధ్య బోలెడు ఖాళీ వదిలితే రేటు చూసి గుండె గుభేలుమంటుంది. అలాగని 10 పాయింట్లకి దించితే వత్తులూ గుడులూ కలిసిపోయి మన ముఖ్య పాఠకులు, అంటే అరవై దాటినవాళ్ళు, తిట్టుకుంటారు. మధ్యలో ఎక్కడో ఆగాలి. వెన్ను మందం పేజీల సంఖ్యని బట్టీ కాగితం మందాన్ని బట్టీ మారుతుంది కాబట్టి కవర్ డిజైన్ చివర్లో చేయించండి, ముందే చేయించుకుంటే పేరు వెన్ను మీంచి జారి అట్ట మీదకొస్తుంది. ఫాంట్ల గొడవ ఇంకోటి. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, అను అనే పాతరకం ఫాంట్లు, ఆ పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ చేస్తే, అంటే ఫైల్లోనే కలిపేస్తే, అచ్చు వరకూ బాగానే వస్తుంది, కానీ అదే ఫైల్ నుంచి రేపు ఈబుక్ చేద్దామంటే అక్షరాలన్నీ అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా కనబడతాయి. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌కైనా తెలిసే పద్ధతిలో, టైపు చేయించుకుని ఇన్‌డిజైన్ అనే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేసి పెట్టుకోండి, అది ఆన్ చెయ్యకపోతే వత్తులు ఊడిపోయి పక్కన నిలబడతాయి, సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవడమే.

క్వాలిటీ అన్నారు కదా. అచ్చు బాగానే ఉంటుంది, నల్లగా స్పష్టంగా. నాకు నచ్చనిది బైండింగ్. జిగురుతో అంటించిందే గానీ కుట్టు ఉండదు, 400 పేజీల నవలైతే రెండోసారి చదివేసరికి మధ్యలో నోరు తెరుస్తుంది. పదే పదే తిరగేసే నిఘంటువులాంటిదైతే మాత్రం సెక్షన్ కుట్టు వేసే ప్రెస్ దగ్గరికే వెళ్ళండి.

పోస్టు ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి, ఒక్కో కాపీ విడిగా వెళ్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ అని చవగ్గా ఉండేది, 2024 డిసెంబర్‌లో దాన్ని ఎత్తేస్తే చిన్న పబ్లిషర్లంతా లబోదిబోమన్నారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఇంకోటి తెచ్చారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100. విద్య, సామాజిక, సాంస్కృతిక, మత విషయాల పుస్తకాలకి అని రూల్, ప్రకటనలు ఉండకూడదు. పద్యాలు సాంస్కృతికంలోకి వస్తాయా రావా అని కౌంటర్ దగ్గర వాదించుకునే ఓపిక మీకుండాలి. ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరుకి, డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే అది ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుందని గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, 1954 నాటి చట్టం ప్రకారం పబ్లిషర్ తన పుస్తకాన్ని కలకత్తా నేషనల్ లైబ్రరీకీ ఇంకో మూడు లైబ్రరీలకీ సొంత ఖర్చుతో పంపాలి. ఒక్కొక్కటిగా అచ్చేసేవాళ్ళలో దీని గురించి తెలిసినవాళ్ళే తక్కువ. ఆ నాలుగూ వేయించి పంపించండి, మన ఇంట్లో అటక మీద పోయినా అక్కడైనా ఉంటుంది.

కానీ నన్నడిగితే ఈ పద్ధతి అసలు అవసరం కొత్త పుస్తకాలకన్నా పాతవాటికే ఎక్కువ. ఏడాదికి ఓ ఇరవైమంది అడిగే పుస్తకాలు తెలుగులో బోలెడున్నాయి, వ్యాకరణాలు, శాసనాల పుస్తకాలు, యాత్రాచరిత్రలు, ఎప్పుడో ఒకసారి అచ్చయి అయిపోయినవి. ఇరవైమంది కోసం వెయ్యి ఎవరు వేస్తారు, అందుకే "అవుటాఫ్ ప్రింట్ సార్" అన్న మాట దశాబ్దాలు వింటాం. మరి కావాల్సినవాళ్ళు ఏం చేస్తున్నారు? యూనివర్సిటీ గేటు ముందు జిరాక్స్ షాపుకి వెళ్ళి మొత్తం తీయించుకుని స్పైరల్ బైండింగ్ వేయించుకుంటున్నారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇంటర్నెట్‌లో దొరకడం మొదలయ్యాక పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళి ప్రింట్ తీయించుకుంటున్నారు. అడిగినవాడికి అడిగినప్పుడు ఒక్క కాపీ, డబ్బు చేతిలో పెట్టాకే. మన ప్రింట్ ఆన్ డిమాండ్ ఆ జిరాక్స్ షాపుల్లో ఎప్పటినుంచో నడుస్తోంది, కాకపోతే రచయితకి గానీ వారసులకి గానీ పైసా రాదు, పేజీల చివర అక్షరాలు సగం తెగిపోయుంటాయి.

మన దేశంలో కాపీరైట్ రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు. అది దాటినవాటిని ఎవరైనా శుభ్రంగా టైపు చేయించి, ప్రూఫులు దిద్ది, ఒక లింక్ పెట్టేస్తే చాలు, ఆ పుస్తకం ఇంకెప్పుడూ అయిపోదు, నెలకి ఒక్కరు అడిగినా నష్టం లేదు. 60 ఏళ్ళు దాటనివాటి దగ్గరే తలనొప్పి, ముగ్గురు కొడుకులు ఇద్దరు కూతుళ్ళు, ఒకరు అమెరికా, ఒకరితో ఒకరికి మాటల్లేవు, పర్మిషన్ ఎవరిస్తారో తెలీదు. టైపు చేయించే ఖర్చు కూడా తక్కువేం కాదు, ప్రూఫులు చూసేవాళ్ళు దొరకడం అయితే మరీ కష్టం. పెదనాన్నకి ఈ పని అంటగట్టాను, పాత ఛందోగ్రంథం ఒకటి పట్టుకుని సంతోషంగా దిద్దుకుంటున్నాడు, యతి మార్చమని నాకు ఫోన్లు కూడా తగ్గాయి.

నాకింకా దారి దొరకనిది పిల్లల పుస్తకాలు. ప్రతి పేజీ కలర్, మందం కాగితం, 24 పేజీల పుస్తకం. ఒక్కొక్కటిగా వేయిస్తే రేటు విని తల్లిదండ్రులు పారిపోతారు, ఆఫ్‌సెట్ అయితే వెయ్యికి తగ్గకుండా వేస్తే గానీ గిట్టదు. స్నేహితురాలు ఒకామె బొమ్మలతో సహా కథ రెడీ చేసుకుని కూర్చుంది. వంద, నూటయాభై కాపీలు కలర్‌లో, పిన్ను బైండింగ్‌తో, చేతికందే రేటుకి ఎక్కడైనా వేయించినవాళ్ళుంటే ఏ ఊళ్ళో, ఏ కాగితం మీద, ఎంత పడిందో కాస్త చెప్పండి.